నడవమని చెప్పడానికీ రుజువు కావాలి

బీపీ, షుగర్ రోగులకు మనం ఇచ్చే సలహాలకు లెక్కలేదు. నడవండి, అన్నం తగ్గించండి, సిగరెట్ మానండి, దిగులు పెట్టుకోకండి. కొత్త మందుబిళ్ల వస్తే ఏళ్ల తరబడి పరీక్షలు అడుగుతాం. సలహా దగ్గరికి వచ్చేసరికి మంచిదే కదా అని ఊరుకుంటాం. అలవాట్లు, మనసు తీరు మార్చి జబ్బులను అదుపు చేసే బిహేవియరల్ మెడిసిన్‌ ముందుకు సాగకపోవడానికి ఈ ఉదాసీనత ఒక పెద్ద కారణం.

మంచిదనిపించేవన్నీ ప్రాణం నిలబెట్టవు. గుండెపోటు వచ్చి డిప్రెషన్‌లోనో, ఒంటరితనంలోనో ఉన్న 2,481 మందిపై అమెరికాలో చేసిన ట్రయల్ ఫలితాలు 2003లో వచ్చాయి. కౌన్సెలింగ్‌తో వాళ్ల దిగులు కొంత తగ్గింది కానీ మరణాలు, మళ్లీ గుండెపోట్లు తగ్గలేదు. దీన్ని వైఫల్యమనడం అన్యాయం. మనసు కుదుటపడటం, గుండె బాగుపడటం ఒకటే అనుకున్నవాళ్లకు అది అవసరమైన జవాబు.

దీనికి ఎదురు ఉదాహరణ చైనాలోని డాచింగ్. షుగర్ అంచున ఉన్నవారికి 1986 నుంచి ఆరేళ్లపాటు అక్కడ ఆహారం, వ్యాయామం నేర్పారు. గుండె జబ్బు మరణాల్లో తేడా 20 ఏళ్ల లెక్కల్లోనూ స్పష్టపడలేదు, 23 ఏళ్లకు గానీ తేలలేదు. మూడేళ్ల గ్రాంటుతో ఇలాంటి జవాబు ఎక్కడ దొరుకుతుంది?

మన దగ్గరి లెక్కలు మరో ప్రశ్న వేస్తాయి. జీవనశైలి మార్పుతో షుగర్ ముప్పు అమెరికాలో 58 శాతం తగ్గింది. చెన్నై కేంద్రంగా 531 మందిపై చేసి 2006లో ప్రకటించిన అధ్యయనంలో తగ్గింది 28.5 శాతమే. విచిత్రం ఏమిటంటే, ఇక్కడివారు పెద్దగా బరువు తగ్గకుండానే ఆ మేలు పొందారు. మరి పనిచేసింది ఏది? నడకా, తిండిలో మార్పా, ఎవరో ఫోన్ చేసి అడుగుతున్నారన్న ధ్యాసా? అది తేలకుండా అమెరికా పాఠాన్ని తెలుగులో అచ్చువేసి పంచితే లాభం లేదు.

సలహా ఎవరు చెప్పాలన్నది నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యం. మన పశ్చిమ గోదావరిలోనే 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలోని 54 ఊళ్లలో ఆశా కార్యకర్తలకు ట్యాబ్‌లు ఇచ్చి, గుండె ముప్పు ఉన్నవారిని వెంట ఉండి గమనించే పద్ధతిని పరీక్షించారు. 2019లో వచ్చిన ఫలితాల ప్రకారం బీపీ అదుపులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ట్యాబ్ పంపిణీ ఫొటోలకు దొరికే చోటు ఇలాంటి ఫలితానికి మన పత్రికల్లో దొరకదు. నిజానికి కోట్లు ఖర్చుపెట్టే ముందు అధికారులు చదవాల్సింది దీన్నే.

ఆ ట్రయల్‌ నుంచి నేర్చుకోవలసిన పద్ధతి కూడా ఒకటుంది. ఏ ఆరోగ్య కేంద్రంలో ముందు మొదలుపెట్టాలో అందులో లాటరీ పద్ధతిలో తేల్చారు. ఎలాగూ మన ప్రభుత్వ పథకాలు విడతలవారీగానే వస్తాయి. మొదటి విడత మండలాలను ఎమ్మెల్యే సిఫార్సుతో కాక చీటీలు తీసి ఎంపిక చేసి, మిగతా మండలాల్లోనూ బీపీ, షుగర్ రీడింగులు అదే పద్ధతిలో నమోదు చేయిస్తే పోల్చి చూడటానికి అదనంగా పెద్ద ఖర్చేమీ ఉండదు.