అరవయ్యేళ్లకు యాషింగ్టన్ రైలు

ఇంగ్లండ్ ఈశాన్యాన, నార్తంబర్లాండ్‌లో యాషింగ్టన్ అనే పాత బొగ్గుగనుల పట్నం ఉంది. ఫుట్‌బాల్ అభిమానులు చార్ల్టన్ సోదరుల ఊరంటే గుర్తుపడతారు. 2024 డిసెంబరు 15 ఆదివారం ఉదయం అక్కడి కొత్త ప్లాట్‌ఫారం న్యూకాజిల్ రైలెక్కేవారితో కిక్కిరిసింది. ఆ ఊరి నుంచి ప్రయాణికుల రైలు నడవడం 1964 నవంబరు తరవాత అదే మొదలు. తొలి నెలలోనే 50 వేలకు పైగా ప్రయాణాలు సాగాయి. రైలుకు జనం లేరన్న 1960ల నాటి తీర్పు ఎంత తొందరపాటుదో చెప్పడానికి ఆ ఒక్క అంకె చాలు.

చిత్రమేమిటంటే, ఇన్నేళ్లూ పట్టాలు అక్కడే ఉన్నాయి. వాన్స్‌బెక్ నది వంతెన మీదుగా బొగ్గు వెళ్లింది. లైన్‌మౌత్ అల్యూమినియం కర్మాగారం మూతపడేదాకా ముడిసరకు వెళ్లింది. ఇప్పుడు విద్యుత్కేంద్రానికి కలప గుళికలు వెళుతున్నాయి. మనుషులు మాత్రం రోడ్డున పడి, బస్సులో దాదాపు గంట ప్రయాణించారు. రైల్లో అది 35 నిమిషాల దారి.

1963లో బ్రిటిష్ రైల్వే బోర్డు అధ్యక్షుడు రిచర్డ్ బీచింగ్ ఇచ్చిన నివేదిక 2,363 స్టేషన్లను మూసేయమంది. 1961 ఏప్రిల్‌లో ఒక వారంపాటు తీసిన రాకపోకల లెక్క దానికి ఆధారం. మొత్తం రైలుమార్గంలో మూడో వంతు మీద ప్రయాణికుల రద్దీ ఒక్క శాతమేనని అందులో తేలింది. బీచింగ్ లెక్క తప్పలేదు, రైల్వే నష్టాలూ అబద్ధం కావు. అయితే ఆనాడు యాషింగ్టన్ కార్మికుడికి పని ఊళ్లోనే, గని దగ్గరే. రోజూ న్యూకాజిల్ టికెట్ కొనాల్సిన అవసరం అతడికేముంది? 1988లో ఆ గని మూతపడింది. అతడి బిడ్డలకు ఉద్యోగం సుమారు 30 కిలోమీటర్ల దూరం జరిగింది. రైలు కావలసి వచ్చేనాటికి స్టేషన్ లేదు. వారం రోజుల లెక్కతో పాతికేళ్ల తరవాతి బతుకును తేల్చేయడాన్ని పొదుపు అనలేం.

ఆ పొదుపుకు వడ్డీ ఇప్పుడు కడుతున్నారు. ఈ మార్గానికి మొదట అనుకున్నది 16.6 కోట్ల పౌండ్లు, తేలింది 29.85 కోట్లు. స్థానికులు ప్రయాణికుల సంఘం పెట్టుకుని 2005 నుంచీ అడుగుతూనే ఉన్నా పని మొదలవడానికే ఏళ్లు పట్టింది. పైగా ఆరు స్టేషన్లలో తొలిరోజు తెరిచినవి రెండే. ఖర్చుకూ ఆలస్యానికీ నేల కింది పాత గనుల బొరియలు ఒక కారణమన్న మాట నిజమే. గనుల సీమలో గనులుంటాయని అంచనా వేసేవారికి ముందే తెలియదా?

ఇంతలో మరో విడ్డూరం. మూతపడ్డ మార్గాలను తెరవడానికి 2020లో ప్రకటించిన 50 కోట్ల పౌండ్ల నిధిని 2024 జులైలో, అంటే యాషింగ్టన్ రైలు కదలడానికి అయిదు నెలల ముందు, బ్రిటన్ కొత్త ఆర్థికమంత్రి రేచల్ రీవ్స్ రద్దు చేశారు. ఖజానా ఖాళీ అన్నది ఆమె వాదన. ఖర్చు అదుపు తప్పిన తీరును నిలదీయాల్సిందే. అందుకని ఆ నిధి కోసం ఎదురుచూస్తున్న ఊళ్లన్నిటికీ ఒకేసారి తలుపు వేయడం మాత్రం బీచింగ్ పద్ధతే. యాషింగ్టన్ ప్రయాణికుల సంఖ్యను ముందు పెట్టుకుని, ఆ ఊళ్ల దస్త్రాలను ఒక్కొక్కటిగా మళ్లీ తెరిచి చూడాలి. సరకు రైళ్లు ఇప్పటికీ నడుస్తున్న మార్గాలతో మొదలుపెట్టడం తేలిక.