నేల మీద ఒక ఫిర్యాదు

పరికరాలేవీ లేకుండా, ఇంట్లోనే, సొంత శరీరపు బరువుతో చేసే వ్యాయామం నిజంగా ఫలితమిస్తుందా అన్న ప్రశ్నపై నేను చాలాకాలంగా, అధికభాగం పడుకునే, లోతుగా ఆలోచించాను. ఫలితమిస్తుందనే తేలింది. ఆ పద్ధతిపై నా అభ్యంతరమంతా అక్కడే మొదలవుతుంది.

జిమ్ అనే వ్యవస్థలో మానవత్వం ఉంది. అది దూరంగా ఉంటుంది, దానికి వేళలుంటాయి, వాన పడితే వెళ్లనక్కరలేదు. నేలకు ఇలాంటి మర్యాదలేవీ తెలియవు. మంచం దిగిన మరుక్షణమే కాళ్ల కింద సిద్ధంగా ఉంటుంది. గురుత్వాకర్షణ అయితే సెలవు దినాల్లో కూడా పని చేస్తుంది.

ఇంటి వ్యాయామంలో బరువు చాలదన్న వాదనను నేను ఎంతో కాలం నమ్ముకున్నాను. అయితే దండీ తీసేటప్పుడు శరీరపు బరువులో దాదాపు 64 శాతం చేతులపై పడుతుందని శాస్త్రజ్ఞులు పనిగట్టుకుని కొలిచారు. మోకాళ్లు నేలకు ఆనిస్తే అది సగానికి కాస్త తక్కువవుతుంది. పాదాలను ఎత్తైన పీటపై పెడితే 70 శాతం దాటుతుంది. అంటే 80 కిలోల మనిషి ఒక్క రూపాయి ఖర్చు లేకుండా 50 కిలోలకు పైగా నెడుతున్నాడన్నమాట. ఏళ్ల తరబడి శ్రద్ధగా కూర్చుని నేను కూడబెట్టిన ప్రతి కిలో ఇలా నా మీదికే ఎదురు తిరుగుతుందని ఆ కూర్చున్న రోజుల్లో ఎవరూ హెచ్చరించలేదు.

పైగా కండరానికి ఇనుమేదో ఒళ్లేదో తెలియదట. మోయగలిగిన గరిష్ఠ బరువులో 30 శాతంతో చేసినా, ఇక చేయలేనన్న స్థితి దాకా వెళితే, భారీ బరువులతో పెరిగినంతగానే కండ పెరుగుతుందట. గరిష్ఠ బలం కావాలంటే మాత్రం భారీ బరువులే మేలు. ఈ ఒక్క వాక్యాన్ని నేను పదే పదే చదువుకుని ఊరట పొందాను. తరువాత నాకు కావలసింది గరిష్ఠ బలం కాదని, మెట్లెక్కితే ఆయాసం రాకపోవడమేనని గుర్తొచ్చింది.

బస్కీలు సులువైపోతే ఏం చేస్తారని అడిగాను. మూడు సెకన్లు తీసుకుని నెమ్మదిగా దిగమన్నారు. అదీ సులువైతే ఒంటికాలిపై చేయమన్నారు. క్రీస్తుపూర్వం 6వ శతాబ్దపు గ్రీకు మల్లుడు మైలో రోజూ ఒక దూడను ఎత్తుతూ పోయి, అది ఎద్దయ్యాక ఎద్దునే మోశాడని చెబుతారు. నా విషయంలోనూ దూడ ఎద్దయింది. ఎత్తే కార్యక్రమం ఒక్కటే జరగలేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు వారంలో కనీసం 2 రోజులు కండరాలను బలపరిచే వ్యాయామం ఉండాలంటోంది. మిగిలిన 5 రోజులను నేను కచ్చితంగా పాటిస్తున్నాను.

అయినా ఈ పద్ధతిలో ఒక అసలైన లోపం ఉంది, అది కనిపెట్టిన రోజు నా ఆనందానికి అవధుల్లేవు. నేలను నెట్టగలం కాని లాగలేం. ఛాతీకి, తొడలకు, పొట్టకు పని దొరుకుతుంది కాని వీపు కండరాలు ఊరికే ఉండిపోతాయి. వాటికి వేలాడే కడ్డీ ఒకటి కావాలి. వీపుకు అన్యాయం జరుగుతుండగా ఛాతీని ఒక్కదాన్నే పెంచడానికి నా మనసు అంగీకరించలేదు. ఇంతలో ఒక పుణ్యాత్ముడు, గట్టి బల్ల కింద వెల్లకిలా పడుకుని, దాని అంచు పట్టుకుని ఛాతీని పైకి లాగితే చాలునని చెప్పాడు. భద్రత ముఖ్యం కనుక నా బల్లను వారం రోజులు పరీక్షించాను. దేవుడి దయవల్ల ఒక కాలికి మర వదులుగా ఉంది. అది బిగించే పనిముట్టు ఏ సొరుగులో ఉందో నాకు బాగా తెలుసు; అందుకే ఆ సొరుగు జోలికి పోవడం లేదు.