ఛాంపియన్‌షిప్ తుపానుకే దక్కాలి

మోటారు రేసింగులో విజేతను వేగమే నిర్ణయిస్తుందని నమ్మే అమాయకులు ఇంకా కొందరు మిగిలి ఉన్నారు. వారి భ్రమను తొలగించడానికే అన్నట్లు జపాన్ దేశపు సూపర్ ఫార్ములా పోటీల 2017 సీజన్ నడిచింది. ఏప్రిల్‌లో సుజుకాలో మొదలుపెట్టి సెప్టెంబరు చివర సుగో దాకా 19 కార్లు పరుగెత్తి, టైర్లు అరగదీసి, ఇంజినీర్లకు నిద్ర లేకుండా చేసి, చివరికి మొదటి ఇద్దరి మధ్య అర పాయింటు తేడాను మిగిల్చాయి. ఆ తేడాను తేల్చవలసిన చివరి రెండు రేసులు అక్టోబరు 22న సుజుకాలోనే జరగాలి. అవి జరగలేదు, తుపాను వచ్చింది. జపాన్ డ్రైవర్ హిరోఆకి ఇషియురా 33.5 పాయింట్లతో ఛాంపియన్ అయ్యాడు, ఫ్రెంచి డ్రైవర్ పియర్ గ్యాస్లీ 33 పాయింట్లతో కాలేకపోయాడు. టైటిల్‌ను నిర్ణయించిన అసలు పోటీదారు పేరు మాత్రం ఫలితాల పట్టికలో ఎక్కడా కనిపించదు. ఈ అన్యాయాన్ని సవరించాలని కోరడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా ఈ పోటీ గురించి రెండు మాటలు చెప్పాలి. 1973లో మొదలైన ఈ పరంపర ఫార్ములా 2000గా, ఫార్ములా 2గా, ఫార్ములా 3000గా, 1996 నుంచి ఫార్ములా నిప్పన్‌గా పేర్లు మార్చుకుంటూ వచ్చి 2013లో సూపర్ ఫార్ములా అయింది. 2017లో అందరికీ ఒకటే కారు, ఇటలీ వారి డల్లారా ఎస్ఎఫ్14. ఒకటే టైరు, యోకోహామా. ఇంజిన్ మాత్రం రెండు రకాలు, హోండా లేదా టయోటా, రెండూ రెండు లీటర్ల టర్బోలే. ఇంత సమానత్వాన్ని రాజ్యాంగంలో రాసుకున్న దేశాలు కూడా సాధించలేకపోయాయి. మూలమలుపుల్లో ఈ కార్లు వేగంలో ఫార్ములా వన్ కార్లకు బాగా దగ్గరగా వస్తాయని వాటిని నడిపినవారు చెబుతారు. అయినా యూరప్ పెద్దమనుషుల దృష్టిలో ఇదొక నిరీక్షణ గది. ఫార్ములా వన్‌లో కుర్చీ ఖాళీ అయ్యేదాకా కుర్రవాళ్లను ఇక్కడ కూర్చోబెడతారు. 2016లో ఫార్ములా వన్ జట్టు మెక్లారెన్ వారు స్టోఫెల్ వాండూర్న్‌ను అలాగే కూర్చోబెట్టారు. 2017లో మరో ఫార్ములా వన్ జట్టు రెడ్ బుల్ వారు, ఫార్ములా వన్‌కు దిగువ మెట్టైన జీపీ2లో అంతకు ముందు ఏడాది ఛాంపియన్ అయిన 21 ఏళ్ల గ్యాస్లీని పంపారు.

ఆ గదిలో అతనికి పరిచయమైన సమాజం విచిత్రమైనది. నొప్పుల మందు పేరు పెట్టుకున్న వాంటెలిన్ టామ్స్ జట్టు ఒకటి, ఫోన్ కంపెనీ డోకోమో అండతో నడిచే డాండిలయన్ జట్టు ఒకటి, మసాహికో కొండో అనే ఒకనాటి పాప్ గాయకుడి జట్టు మరొకటి. జపాన్ నుంచి ఫార్ములా వన్‌లో పూర్తి సీజన్ నడిపిన తొలి డ్రైవర్ సతోరు నకజిమా హోండా ఇంజిన్లతో ఒక జట్టును నడుపుతుంటే, ఆయన పెద్ద కుమారుడు కజుకి నకజిమా టయోటా ఇంజిన్‌తో ఎదుటి జట్టులో రేసు చేస్తున్నాడు. మన రాజకీయ కుటుంబాల్లో ఇలాంటి ఏర్పాటు కొత్త కాదు గనుక దీనిపై వ్యాఖ్య అనవసరం. ఆ తండ్రిగారి జట్టు కార్ల మీద ఆ ఏడాది టీసీఎస్ అని రాసి ఉండేది, ఒక కారులో కోయంబత్తూరుకు చెందిన నరేన్ కార్తికేయన్ ఉండేవాడు. ఇంటికొక సాఫ్ట్‌వేర్ ఇంజినీరు ఉన్న తెలుగువారికి తమ కంపెనీ పేరు సుజుకా ట్రాక్ మీద తిరుగుతోందన్న సంగతి ఆ రోజుల్లో పెద్దగా తెలియదు. తెలిసి ఉంటే ఈపాటికి ఆ జట్టుకు తెలుగు సంఘం ఏర్పడి, ఏడాది తిరగకుండా రెండుగా చీలి ఉండేది.

ఇక అసలు విషయమైన అర పాయింటుకు వద్దాం. అప్పట్లో ఈ పోటీలో గెలిచినవాడికి 10 పాయింట్లు, రెండో స్థానానికి 8, మూడో స్థానానికి 6, అలా దిగుతూ ఎనిమిదో స్థానానికి 1 ఇచ్చేవారు. ఇంతవరకు అంతా పూర్ణాంకాలే. కానీ ఒకయామా వంటి చోట ఒకే వారాంతంలో రెండు రేసులు పెట్టినప్పుడు, రెండింటికీ పూర్తి పాయింట్లు ఇస్తే ఉదారత మితిమీరుతుందని భావించిన అధికారులు, ఒక్కోదానికి సగం మాత్రమే ఇచ్చారు. అంటే నాలుగో స్థానానికి రెండున్నర, ఆరో స్థానానికి ఒకటిన్నర, ఎనిమిదో స్థానానికి అక్షరాలా అర. ప్రాణాలకు తెగించి కారు నడిపిన మనిషికి సాయంత్రం అర పాయింటు చేతిలో పెట్టడంలో ఉన్న నిగ్రహం చూస్తే, వేతన సవరణ సంఘాల వారు జపాన్‌కు అధ్యయన యాత్ర వెళ్లాల్సిన అవసరం స్పష్టమవుతుంది. మే నెలలో ఒకయామాలో ఎవరూ పట్టించుకోని ఆ చిల్లర అక్టోబరు నాటికి టైటిల్ అయింది.

అర పాయింటుకూ ఫ్రెంచి డ్రైవర్లకూ పాత వైరం ఉంది. 1984లో ఫార్ములా వన్ టైటిల్‌ను అలెన్ ప్రోస్ట్ అర పాయింటు తేడాతోనే నిక్కీ లాడాకు వదులుకున్నాడు, 72కు 71.5. ఆ ఏడాది మొనాకో రేసును వాన వల్ల మధ్యలో ఆపి సగం పాయింట్లు ఇచ్చారు, ఆ రేసు గెలిచింది ప్రోస్టే. రేసు ఆపమని కారులోంచి చేతులూపింది కూడా ఆయనే. తొమ్మిదికి బదులు నాలుగున్నర పాయింట్లు తీసుకుని ఇంటికి వెళ్లిన ఆయన, ఏడాది చివర ఆ లెక్క గుర్తుచేసుకుని ఉంటాడు. గ్యాస్లీకి చేతులూపే అవకాశం కూడా దక్కలేదు.

ఎందుకంటే అతను అప్పటికే పెద్దల మాట విన్నాడు. సీజన్ మధ్యలో మొటెగిలోనూ ఆటోపోలిస్‌లోనూ వరుసగా గెలిచి టైటిల్ పోటీలోకి వచ్చిన గ్యాస్లీని, సెప్టెంబరు చివర రెడ్ బుల్ వారు డానియిల్ క్వ్యాట్ స్థానంలో తమ రెండో జట్టు టోరో రోసోకు, అంటే సాక్షాత్తూ ఫార్ములా వన్‌కు పిలిచారు. మలేసియాలోనూ, తర్వాత సుజుకాలోనూ అతను రెండు రేసులు నడిపాడు. మూడోది అమెరికాలోని ఆస్టిన్‌లో. దురదృష్టవశాత్తూ అది కూడా అక్టోబరు 22నే. సరిగ్గా ఆ దినాల్లోనే టోరో రోసో వారు 2018 నుంచి హోండా ఇంజిన్లు వాడతామని ప్రకటించి ఉన్నారు, హోండాకు జపాన్ టైటిల్ కావాలి, ఆ టైటిల్‌కు అర పాయింటు దూరంలో ఉన్నది హోండా ఇంజిన్‌తో నడుపుతున్న గ్యాస్లీ. పెళ్లికి ముందే వియ్యంకుడి మాట కాదనడం మర్యాద కాదు కదా. కాబట్టి ప్రపంచంలోని ప్రతి కుర్రడ్రైవరూ కలలు కనే కుర్చీని ఒక వారాంతం ఖాళీగా వదిలేసి, నిరీక్షణ గదికి తిరిగి వెళ్లమని అతనికి చెప్పారు. ఈ నిర్ణయం వెనుక ఎంతో వ్యూహం, ఎన్నో సమావేశాలు ఉండి ఉంటాయి. వాతావరణ సూచన మాత్రం ఎవరూ చూసినట్లు లేదు.

ఇక్కడ రంగప్రవేశం చేసింది అసలు కథానాయకుడు. బయటి ప్రపంచం దాన్ని లాన్ అని పిలిచింది. జపాన్ వారు తుపాన్లకు ఏడాదిలో వచ్చిన వరుసను బట్టి నంబరు ఇస్తారు గనుక వారికి అది 21వ నంబరు తుపాను. ఇషియురా కారు నంబరు 2, గ్యాస్లీ కారు నంబరు 15, పసిఫిక్ సముద్రం మీదుగా వస్తున్నది నంబరు 21. అర్హతలన్నీ సక్రమంగా ఉన్నాయి. 19 కార్ల పట్టికలో ఇరవయ్యో ఎంట్రీగా చేర్చుకోవడానికి సాంకేతికంగా ఏ అభ్యంతరమూ లేదు. దానికి హోండా పక్షపాతం గానీ టయోటా పక్షపాతం గానీ లేదు, అది ఫార్ములా వన్‌లో కుర్చీ కోసం ఎదురుచూడడం లేదు, టైర్ల కోసమో ఇంధనం కోసమో పిట్‌లో ఆగే అవసరం అసలే లేదు. అది సుజుకాకు వచ్చి చేరకముందే, దాని రాక గురించిన సూచనతోనే, శనివారంనాడే నిర్వాహకులు ఆదివారం రేసులను రద్దు చేశారు. ట్రాక్ మీద అడుగు పెట్టకుండా టైటిల్‌ను తేల్చిన పోటీదారు మోటారు రేసింగ్ చరిత్రలో మరొకరు ఉంటే చూపించండి.

రద్దు చేయడం సరైన పనే. 2014లో ఇదే సుజుకాలో, తుపాను అంచున కురిసిన వానలో జరిగిన ఫార్ములా వన్ రేసులో జూల్స్ బియాంకీ కారు రికవరీ వాహనాన్ని ఢీకొంది. ఆ గాయాలతోనే అతను మరుసటి ఏడాది మరణించాడు. దాన్ని చూసినవారెవరూ 2017లో రేసు నడపాల్సిందేనని వాదించరు, ఈ వ్యాసం కూడా వాదించదు. నా ఆశ్చర్యమంతా వేరొక విషయం మీద. అదే అక్టోబరు 22న, అదే తుపాను కింద, జపాన్ తన పార్లమెంటు దిగువ సభకు ఎన్నికలు జరుపుకొంది. గొడుగులు పట్టుకుని ఓటర్లు వరుసల్లో నిలబడ్డారు, షింజో అబే పార్టీ గెలిచింది. అంటే దేశాన్ని ఎవరు ఏలాలో తేల్చడానికి ఆ వాతావరణం సరిపోయింది. సూపర్ ఫార్ములాలో ఎవరు గెలవాలో తేల్చడానికి సరిపోలేదు. రెండింటిలో ఏది ఎక్కువ బాధ్యతాయుతమైన వ్యవహారమో ఆ దేశం ఇలా సున్నితంగా చెప్పిందని నేను అర్థం చేసుకున్నాను.

హోండా వారి దుస్థితి మరింత గొప్పది. సుజుకా ట్రాక్ వారిదే, 1962లో వారే కట్టించుకున్నారు. ఎనిమిది అంకె ఆకారంలో తన మీదుగా తానే దాటే ఆ 5.807 కిలోమీటర్ల దారిలో, సొంత ఇంట్లో, సొంత ఇంజిన్‌తో, అమెరికా నుంచి తప్పించి తెచ్చుకున్న డ్రైవర్‌తో టైటిల్ అందుకోవాలన్నది పథకం. రేసు జరగకపోవడం వల్ల ట్రోఫీ టయోటా ఇంజిన్ ఉన్న ఇషియురాకు, హోండా వారి ఆవరణలోనే దక్కింది.

ఆస్టిన్‌లో ఎండ కాసింది. గ్యాస్లీ ఖాళీ చేసిన కుర్చీలో కూర్చోబెట్టడానికి ఎవరూ దొరక్క, పోర్షే వారి లే మాన్స్ కార్లు నడుపుకుంటున్న బ్రెండన్ హార్ట్‌లీని తెచ్చారు. ఏళ్ల క్రితం రెడ్ బుల్ వారే అతన్ని తమ శిక్షణ పథకం నుంచి పంపించేశారు. ఆ తాత్కాలిక ఏర్పాటు బాగుందనిపించి 2018కి అతన్నే ఖాయం చేశారు. టోరో రోసో మరో డ్రైవర్ కార్లోస్ సైన్జ్ రెనో జట్టుకు వెళ్లిపోవడంతో మళ్లీ పిలిపించిన క్వ్యాట్ ఆ రేసులో పదో స్థానంలో వచ్చి జట్టుకు ఒక పాయింటు సంపాదించాడు. జపాన్‌లో గ్యాస్లీకి తక్కువైన దానికి అది సరిగ్గా రెట్టింపు. ఇంత లాభం తెచ్చినందుకు క్వ్యాట్‌ను తర్వాతి రేసు నుంచే తప్పించారు. జరగని రేసుకు వెళ్లినవాడు ఉద్యోగంలో కొనసాగాడు, జరిగిన రేసులో పాయింటు తెచ్చినవాడు ఇంటికి వెళ్లాడు. ఆ వారాంతానికి మాత్రం గ్యాస్లీ రెంటికి చెడ్డ రేవడే. మానవ వనరుల విభాగాల్లో పనిచేసే మిత్రులు ఈ ఉదంతాన్ని చదివి, తాము ఒంటరివాళ్లం కామని ధైర్యం తెచ్చుకోవచ్చు.

ఇంత హడావుడిలో ఇషియురా అనే వ్యక్తి ఉన్నాడన్న విషయం చాలామంది మరచిపోయారు. యూరప్ పత్రికల శీర్షికల్లో గ్యాస్లీ ఓడిపోయాడు, తుపాను గెలిచింది, హోండా నష్టపోయింది. ఇషియురా గెలిచాడన్నది ఎక్కడో నాలుగో వాక్యంలో వచ్చింది. అప్పటికి 36 ఏళ్ల ఆ మనిషి 2015లోనూ ఇదే టైటిల్ గెలిచాడు, 2017లో అతని సెరుమో ఇంగింగ్ జట్టు జట్ల టైటిల్ కూడా అందుకుంది. అతను ఫార్ములా వన్ తలుపు దగ్గర ఎదురుచూడలేదు. సీజన్ మొదటి రోజు నుంచీ ఈ పోటీనే గమ్యంగా భావించి, ఒకయామా చిల్లరతో సహా పాయింట్లు ఏరుకున్నాడు. నిరీక్షణ గదిలో అందరూ రైలు కోసం చూస్తుంటే, ఇతను ఆ గదిలోనే ఇల్లు కట్టుకున్నాడు. ఇది ప్రపంచ మోటారు రేసింగుకు మింగుడుపడని నేరం, అందుకే అతని విజయాన్ని వాతావరణ విశేషంగా నమోదు చేశారు.

ఆ సీజన్‌లో కొండో జట్టుకు నడిపిన నిక్ క్యాసిడీని 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ ఒడ్డున మనవాళ్లూ చూశారు. విద్యుత్ కార్ల ‘ఫార్ములా-ఈ’ పోటీలో అతను రెండో స్థానంలో వచ్చాడు. మరుసటి ఏడాది హైదరాబాద్ రేసు రద్దయింది. రేసు రద్దు చేయడానికి తుపాను కూడా అవసరం లేదని, ప్రభుత్వం మారితే చాలని అప్పుడు తెలిసింది. ఈ రంగంలో జపాన్ కంటే మనం ఒక అడుగు ముందున్నాం.

కాబట్టి సూపర్ ఫార్ములా వారికి నా విన్నపం ఇది. జపాన్ వాతావరణ సంస్థను అధికారిక జట్టుగా గుర్తించి, ప్రతి సీజన్‌కూ దానికి ఒక ఎంట్రీ కేటాయించాలి. రద్దయిన ప్రతి రేసుకూ దానికి విజేత పాయింట్లు వేయాలి, రెండు రేసులు ఒకే రోజు రద్దయితే నిబంధనల ప్రకారం సగం సగం వేయాలి. ఇది తమాషా ప్రతిపాదన అనుకునేవారు 2018 సీజన్‌ను పరిశీలించవచ్చు. ఈసారి ప్రకృతి చివరిదాకా ఆగలేదు, మే నెలలోనే ఆటోపోలిస్‌లో రెండో రౌండును రద్దు చేయించి తన వంతు ముగించుకుంది. సుజుకాలో చివరి రేసు యథావిధిగా జరిగింది, గ్యాస్లీ వదిలి వెళ్లిన ముగెన్ జట్టులోని నవోకి యమమోతో ఆ రేసు గెలిచి 38 పాయింట్లతో టైటిల్ అందుకున్నాడు. క్యాసిడీకి 37 వచ్చాయి. ఒక్క ఏడాదిలో తేడా నూటికి నూరు శాతం పెరిగిందని నిర్వాహకులు గర్వంగా ప్రకటించుకోవచ్చు.