‘ఙ’కి ఉద్యోగం దొరికింది

ఒకటో తరగతిలో పలక మీద దిద్దాక ‘ఙ’తో నాకు మళ్ళీ పని పడలేదు. పాపం, ‘వాఙ్మయం’ ఒక్కటే దానికింత తిండి పెడుతోంది.

సింగపూర్‌లో ఉద్యోగంలో చేరిన కొత్తలో, చైనా కొత్త సంవత్సరం విందుకి బల్లల మీద పేర్ల కార్డులు పెట్టే పని నా నెత్తిన పడింది. ఇంటిపేర్ల జాబితాలో ఒకచోట రెండే ఇంగ్లీషు అక్షరాలు: ఎన్, జి. మన కె.వి. రావు గారిలా ఇనిషియల్స్ రాసి అసలు పేరు మర్చిపోయారనుకున్నాను. అచ్చు లేని పేరుంటుందా? ఆ వరుస తీసేశాను.

విందు రోజు మా డైరెక్టరు గారు బల్లల చుట్టూ రెండు ప్రదక్షిణలు చేశారు. ఎక్కడా ఆయన పేరు లేదు. ఆఫీసులో అందరూ ఆయన్ని ఇంగ్లీషు పేరుతో పిలుస్తుంటే ఇంటిపేరు నాకేం తెలుసు? పరుగున కుర్చీ తెచ్చి “కూర్చోండి, మిస్టర్ ఎన్-జి” అన్నాను. బల్లంతా నవ్వు.

పక్కనున్న పెద్దావిడ జాలిపడి పలికి చూపించారు. ‘వంకాయ’లో సున్నా దగ్గర ఆగిపోతే ఎలా ఉంటుందో అదే. అచ్చం మన ‘ఙ’!

ఆవిడ ఇంటిపేరు ఊయి. మలేసియాలోని పెనాంగ్ వాళ్ళు. “మాదీ ఆయనదీ ఒకటే” అన్నారు. చైనా లిపిలో రాస్తే ఒకే అక్షరం, అర్థం పసుపు. పలకడమే చైనాలో ఒక్కో భాషకి ఒక్కోలా: మాండరిన్‌లో హువాంగ్, కాంటనీస్‌లో వాంగ్, హొక్కియెన్‌లో ఙ. వియత్నాంలో హోవాంగ్, దాని దక్షిణాన మాత్రం హుయిన్, ఎందుకంటే అక్కడి పాత ప్రభువు పేరులో హోవాంగ్ ఉంది, దాన్ని పలకకూడదు. సింగపూర్ మాజీ అధ్యక్షుడు వీ కిమ్ వీ, ప్రధాని లారెన్స్ వాంగ్, ఇద్దరిదీ ఇదేనట. ఇప్పటి హెనాన్‌లో ఉండే హువాంగ్ రాజ్యాన్ని క్రీ.పూ. 648లో చూ రాజ్యం మింగేసింది. రాజ్యం పోయింది, ఇంటిపేరు మిగిలింది. మనవాళ్ళు ఊరొదిలినా ఊరిపేరు ఇంటిపేరై వెంట వచ్చినట్టే.

అంతా వంటబట్టిందన్న ధీమాతో, పక్క బల్ల మీది ఇంకో ఎన్-జి గారితో “అయితే మీరూ డైరెక్టరు గారూ ఒకే ఇంటివారన్నమాట!” అన్నాను.

“కాదు, మాది కాంటనీస్ ఙ. మాండరిన్‌లో వూ. హొక్కియెన్ వాళ్ళయితే గో అంటారు.”

ఎదురుగా ఉన్న వాంగ్ గారిని ఆశగా చూశాను.

“నాది పసుపు వాంగ్ కాదు, రాజు వాంగ్.”

ఇక నోరెత్తకుండా సూప్ తాగాను.

ఆ రాత్రి అద్దం ముందు “ఙ... ఙ...” అని సాధన చేస్తుంటే మా ఆవిడ లేచి వచ్చింది.

“ఏమండీ, పన్ను నొప్పా? లవంగం పెట్టుకోండి.”

లవంగం! సున్నా దగ్గర ఆగి చూశాను. సరిగ్గా వచ్చింది.