చీటీ చేతిల పెడితే సరిపోదు
కల్తీ కల్లు బంద్ చేసిన రోగితో పాటు ఇంటోళ్లతో ఎట్ల మాట్లాడాల్నో నర్సులకు, ఆశా కార్యకర్తలకు నేర్పాలన్న మాట నూటికి నూరుపాళ్లు నిజం. మాది హన్మకొండ పక్క ఊరు. మా చిన్నబాపు కల్తీ కల్లు ఒక్కసారే బంద్ చేసిండు. మూడోనాడు ఫిట్స్, లేని మనుషులతోని మాటలు. గాలి సోకిందని చిన్నమ్మ తాయెత్తు కట్టించింది. కల్లుల కలిపే అల్ప్రాజోలం, డైజిపాం లాంటి మత్తు మందులు ఒంట్లకు పోవుడు హఠాత్తుగ ఆగితే అట్ల అయితదని మాకేం తెలుసు? దవాఖానల మందుల చీటీ రాసి 'తాగనియ్యకుండ్రి' అన్నరు, గంతే. రాత్రి లేచి ఒర్రితే ఏం చెయ్యాలె? మనసు బాధలకు సర్కారు పెట్టిన ఫోన్ సాయం టెలి మానస్ 14416 నంబరు సంగతి సుత ఏడాదికి తెలిసింది. కాకపోతే ఒక్కరోజు శిక్షణ, ఫొటోలు అంటే దండుగ. ఆశాలకు రిజిస్టర్లు నింపుడుకే పొద్దు చాలదు, ఇగ చిన్నమ్మ పక్కన ఎప్పుడు కూసుంటరు?