పటాన్‌చెరు మట్టి గురించి వానపాముల్ని కూడా అడగాలి

పటాన్‌చెరు, ఖాజీపల్లి, బొల్లారం చుట్టుపక్కల పొలాల్లో మట్టి పాడైందా లేదా అంటే మన దగ్గర జరిగేది ఒకటే, శాంపిల్ ల్యాబ్‌కి పోతుంది, ఆర్సెనిక్ ఇంత, లెడ్ ఇంత, క్రోమియం ఇంత అని రిపోర్ట్ వస్తుంది. ఆ రిపోర్ట్ వద్దనట్లేదు. కానీ ల్యాబ్ వాళ్లు వెతికినవే అందులో ఉంటాయి. మందుల ముడిసరుకు తయారుచేసే బల్క్ డ్రగ్ కంపెనీల వ్యర్థ నీళ్లు ఏళ్ల తరబడి పారిన నక్కవాగు ఒడ్డున ఏమేం దిగాయో పూర్తి లిస్టు ఎవరి దగ్గరుంది? 2007లో స్వీడన్ సైంటిస్టులు ఇక్కడి ట్రీట్‌మెంట్ ప్లాంట్ నుంచి బయటికొచ్చే నీళ్లలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ మందు లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా ఉందని బయటపెట్టారు, మామూలు మట్టి టెస్టుల్లో ఆ మందు పేరే కనిపించదు.

ఇంకోటి, మట్టిలో ఆర్సెనిక్ ఎంతుందన్నది వేరు, అందులో ఎంత జీవి ఒంట్లోకి పోతుందన్నది వేరు. కొంత ఇనుముకి, బంకమట్టికి పట్టుకుని అక్కడే ఉండిపోతుంది. పది విషాలు కలిస్తే ఏం చేస్తాయో విడివిడి అంకెలు చూస్తే తెలియదు.

అందుకే వానపాముల టెస్టు కావాలి. ఒక డబ్బాలో సగం మంచి మట్టి, సగం అనుమానం ఉన్న మట్టి పోసి, మధ్య గీత మీద పది పాముల్ని వదుల్తారు, 48 గంటలయ్యాక అడ్డు పెట్టి ఏ పక్క ఎన్నున్నాయో లెక్కపెడతారు. ఇట్లాంటి డబ్బాలు కొన్ని పెట్టి సగటున 80 శాతానికి మించి మంచి మట్టిలోకే పోయాయంటే రెండోది బతకడానికి పనికొచ్చే మట్టి కాదన్నట్టే. ఇంకా గట్టిది 56 రోజుల టెస్టు, పెద్దవి చావకపోయినా పిల్లలు పుడుతున్నాయా లేదా అన్నది అందులో తేలిపోతుంది. వర్మీకంపోస్టు గుంతల్లో వేసే ఎర్ర పాములే దీనికి వాడతారు, అంటే మన జిల్లాల్లో దొరకనిదేం కాదు.

వింతేంటంటే ఫ్యాక్టరీ నీళ్లకి ఇట్లాంటి రూల్ మనకి ఎప్పట్నుంచో ఉంది, శుద్ధి చేసిన నీళ్లలో చేపల్ని 96 గంటలుంచితే 90 శాతం బతకాలి. మట్టి దగ్గరికొచ్చేసరికి 2025లో కేంద్రం తెచ్చిన కలుషిత స్థలాల రూల్స్ కూడా ప్రధానంగా కెమికల్ లెవెల్స్ మీదే నడుస్తున్నాయి. నీళ్లకి చేపని అడిగినవాళ్లు మట్టికి వానపాముని ఎందుకు అడగరు?

ఈ టెస్టుకీ తిప్పలున్నాయి. ఉప్పు ఎక్కువున్న చౌడు నేలలో విషం లేకపోయినా పాములు పారిపోతాయి, అందుకని పోల్చే మట్టి అదే ఊరి చుట్టుపక్కల నుంచి, అదే రకం నేల నుంచి తీసుకోవాలి. యాంటీబయాటిక్స్ దెబ్బ ముందు పడేది సూక్ష్మజీవుల మీద, పాము హాయిగా ఉన్నా నైట్రోజన్‌ని మొక్కలకి అందేలా మార్చే వాటి పని మట్టిలో ఆగిపోయి ఉండొచ్చు, ఆ టెస్టూ పక్కనే పెట్టాలి. పాము బతికింది కాబట్టి ఆ పొలం వడ్లు తినొచ్చనుకుంటే మహా తప్పు, ఆర్సెనిక్ గింజలోకి ఎక్కుతుంది, గింజని వేరేగా టెస్ట్ చేయాల్సిందే.

కనీసం క్లీనప్ అయిపోయిందని సర్టిఫికెట్ ఇచ్చేముందైనా 56 రోజుల టెస్టు తప్పనిసరి చేయాలి, ఖర్చు ఆ నేలని పాడుచేసిన కంపెనీ దగ్గరే వసూలు చేయాలి, ఫలితాన్ని తెలుగులో పంచాయతీ ఆఫీసు గోడకి అంటించాలి.