విక్కా వేల ఏళ్ల నాటిది కాదు
ప్రకృతిని కొలుస్తూ మంత్రవిద్యనీ పాటించే పాశ్చాత్య మతం విక్కా, అది వేల ఏళ్లుగా తెగకుండా వస్తోందని మీ వ్యాసంలో రాశారు, అది మాత్రం సరికాదు. ఇంగ్లండ్‌లో 1735 నాటి మంత్రవిద్య చట్టాన్ని 1951లో రద్దు చేశాకే, విక్కాని జనానికి పరిచయం చేసిన జెరాల్డ్ గార్డ్‌నర్ దీని గురించి బయటికి చెప్పుకోగలిగాడు, 1954లో పుస్తకం వేశాడు, పూజల్లో చదివే మాటల్లో చాలా భాగం ఆయన శిష్యురాలు డోరీన్ వాలియెంటీ రాసినవే. కొత్తది కాబట్టి ఉత్తదే అని నేననడం లేదు. నేను ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో ఉన్నప్పుడు మా పక్కింటావిడ విక్కా పాటించేది, ఏ బృందంలోనూ చేరలేదు, ఒక్కతే చేసుకునేది. వంటింటి కిటికీ దగ్గర చిన్న బల్ల, దాని మీద ఒక గిన్నెలో ఉప్పు, ఇంకో గిన్నెలో నీళ్లు, కొవ్వొత్తి, అగరొత్తి, అంతే. అక్టోబర్ 31 రాత్రిని వాళ్లు సావిన్ అంటారు, చనిపోయినవాళ్లని తలుచుకునే పండుగ అది, ఆ రోజు నన్నూ పిలిచింది. మొదట కాస్త భయపడ్డాను, మనకి విచ్ (మంత్రగత్తె) అనగానే చేతబడే గుర్తొస్తుంది కదా. చనిపోయిన వాళ్లమ్మ ఫొటో ముందు ఆపిల్ కేకు ముక్క పెట్టి చాలాసేపు మాట్లాడకుండా కూర్చుంది, నాకైతే మహాలయ అమావాస్యకి మా ఇంట్లో తాతయ్య పేరున విస్తరి వేయడం కళ్లముందు కనపడింది. "మా అమ్మని తలుచుకోవడానికి నాకు దొరికిన దారి ఇది" అంది ఆవిడ. విక్కా ఎన్నేళ్లదో ఆవిడకి అవసరమే లేదు. వేల ఏళ్ల నాటిదన్న ఆ ఒక్క వాక్యం దయచేసి సరిచేయండి.